పాపకు 820, నాన్నకు 310: ఎవరి సీడీ4 గురించి ఎక్కువ కంగారు పడాలి?

పలమనేరు దగ్గర నుంచి రాసిన తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇది. బావకు హెచ్ఐవీ అని తేలాక ఇంట్లో అందరికీ పరీక్ష చేశారు. అక్కకూ, రెండేళ్ల నాలుగు నెలల పాపకూ ఉందని వచ్చింది. సీడీ4, అంటే రోగనిరోధక శక్తిని నడిపించే ఒక రకం తెల్లకణాల లెక్క, చూస్తే బావకు 310, అక్కకు 540, పాపకు 820. పాప రిపోర్టులో పక్కన 17 శాతం అని కూడా ఉంది. తిరుపతిలో డాక్టర్లు మాత్రం ముందు పాపనే చూశారు, అదే రోజు మందులు మొదలుపెట్టాలని పట్టుబట్టారు. బావ చూస్తే ఈమధ్యే అలిపిరి నుంచి నడిచి కొండెక్కి వచ్చిన మనిషి. అందరికంటే ఎక్కువ అంకె ఉన్న పాప గురించే ఎందుకింత కంగారు, ముగ్గురిలో ఉన్నది ఒకే వైరస్ కదా అని అడిగారు. కడుపుతో ఉన్నప్పుడు అక్కకు పరీక్ష చేసి ఏమీ లేదన్నారు, మరి ఇదెలా వచ్చింది అన్నది రెండో ప్రశ్న. మందులు కడదాకా వాడాలా, పాపకు పుట్టు వెంట్రుకలు తీయించడానికి కొండకు తీసుకెళ్లొచ్చా అని కూడా అడిగారు.

నేను తిరుపతిలోనే మైక్రోబయాలజీ చదివి, అక్కడే పని చేసి రిటైర్ అయినదాన్ని. సీడీ4 మెషిన్ పక్కన చాలా ఏళ్లు గడిపాను. రిపోర్టు చేతికి రాగానే ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో పోల్చి చూడని కుటుంబం నాకు తగల్లేదు. కాబట్టి ఇందులో మీరు తప్పుగా అడిగిందేమీ లేదు.

ముందు ఆ అంకె సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో సీడీ4 కణాలు సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డలో 3000 ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. ఏడాది బిడ్డలో 2000 అటూ ఇటూ ఉంటాయి. అక్కణ్నుంచి మెల్లగా దిగుతూ ఐదారేళ్లకు పెద్దవాళ్ల స్థాయికి వస్తాయి. నెలల బిడ్డ గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటే మామూలే. బావకు కూర్చున్నచోట అలా కొట్టుకుంటే ఈసీజీ తీయిస్తాం. సీడీ4 కూడా అంతే, వయసు పక్కన పెట్టి చదివే అంకె కాదది.

అందుకే ఐదేళ్ల లోపు పిల్లల్లో అంకె కంటే శాతం చూస్తాం. రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు మొత్తం ఎన్ని ఉన్నాయో, అందులో సీడీ4 వాటా ఎంతో చెప్పేదే ఆ శాతం. పిల్లలకు కాస్త జలుబు చేసినా, విరేచనాలైనా లింఫోసైట్ల సంఖ్య పెరిగీ తరిగీ ఊగుతుంటుంది. వాటా అంతగా ఊగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏడాది లోపు బిడ్డకు 25 శాతం కంటే తక్కువ, ఏడాది నుంచి మూడేళ్ల లోపు 20 కంటే తక్కువ, మూడు నుంచి ఐదేళ్ల లోపు 15 కంటే తక్కువ ఉంటే రోగనిరోధక శక్తి తీవ్రంగా దెబ్బతిన్నట్టు. ఐదేళ్లు దాటినవాళ్లకు 200 అనే అంకె హద్దు. ఇప్పుడు మళ్లీ చూడండి: బావ 310తో ఆ హద్దుకు ఇవతల ఉన్నాడు, పాప 17 శాతంతో అప్పుడే హద్దు దాటేసింది. అంతేకాదు, ఐదేళ్ల లోపు పిల్లల్లో హెచ్ఐవీ కొత్తగా బయటపడితే, సీడీ4 ఎంతున్నా ముదిరిన దశగానే భావించి నడుచుకోవాలని కూడా అదే సంస్థ చెప్పింది. మీ డాక్టర్ల తొందరకు కారణం అది.

ఇక వైరస్ ఒకటే కదా అన్న మాట. వైరస్ ఒకటే. అది దిగిన ఒళ్లు ఒకటి కాదు.

సీడీ4 అనే ప్రొటీన్ ఉన్న టీ కణాలు స్వయంగా ఎవర్నీ చంపవు. ఎవరు ఎప్పుడు కదలాలో, ఎంతసేపు పని చేయాలో, ఎప్పుడు ఆపాలో మిగతా కణాలకు చెప్పడం వాటి పని. హెచ్ఐవీ ఆ సీడీ4 ప్రొటీన్‌ను పట్టుకుని, దాని పక్కనే ఉండే సీసీఆర్5 అనే ఇంకో ప్రొటీన్ సాయంతో లోపలికి దూరుతుంది. తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని మన జన్యువుల మధ్యలో అతికించుకుంటుంది. ఆ తర్వాత ఆ కణం బతికున్నంత కాలం అది అక్కడే ఉంటుంది.

మనం సీడీ4 పరీక్ష రక్తంతో చేస్తాం కాబట్టి నష్టమంతా రక్తంలోనే జరుగుతోందని అనుకుంటాం. నిజానికి ఒంట్లోని లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే. మిగతావి లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగు గోడల్లో, ఇలా ఒళ్లంతా ఉంటాయి. పేగులో ఉండేవి ఎక్కువగా అప్పటికే ఏదో ఒక క్రిమిని చూసి గుర్తుపెట్టుకున్న కణాలు. వాటి మీద సీసీఆర్5 దండిగా ఉంటుంది, వైరస్‌కు కావలసిందీ అదే. హెచ్ఐవీ సోకిన కొన్ని వారాల్లోనే పేగులోని సీడీ4 కణాల్లో చాలా భాగం పోతుంది. మనిషికి ఆ టైంలో మహా అయితే నాలుగు రోజులు జ్వరం, గొంతు నొప్పి. డోలో వేసుకుని పనికి పోతాడు.

పోయే కణాలన్నీ వైరస్ పెరిగి పగిలిపోయినవి కావు. ఇది చాలామంది డాక్టర్లకు కూడా ఆలస్యంగా తెలిసిన విషయం. లింఫ్ గ్రంథుల్లో చచ్చిపోయే సీడీ4 కణాల్లో చాలా ఎక్కువ భాగం, వైరస్ లోపలికి వచ్చి పని పూర్తి చేయలేక మధ్యలో ఆగిపోయిన కణాలే. లోపల అరకొరగా తయారైన వైరల్ డీఎన్‌ఏను కణం పసిగట్టి, తనను తానే పేల్చుకుంటుంది. పైరోప్టోసిస్ అంటారు దాన్ని. 2014లో అమెరికాలోని గ్లాడ్‌స్టోన్ సంస్థ పరిశోధకులు దీన్ని స్పష్టంగా చూపించారు. ఆ పేలుడులో వాపు పుట్టించే రసాయనాలు బయటికొస్తాయి, వాటి వాసనకు ఇంకొన్ని సీడీ4 కణాలు అక్కడికి చేరతాయి, వైరస్‌కు మళ్లీ కొత్త కణాలు దొరుకుతాయి.

పేగు గోడ కాపలా పోయాక లోపలి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారడం మొదలవుతుంది. దాంతో రోగనిరోధక వ్యవస్థ మొత్తం రాత్రింబవళ్లు మేల్కొనే ఉంటుంది. నన్నడిగితే హెచ్ఐవీలో అసలు జబ్బు ఇదే. కణాలు తగ్గడం కంటే, మిగిలిన కణాలు విశ్రాంతి లేకుండా ఉరుకుతూ అరిగిపోవడం. వైరస్ సోకిన కణాలను చంపాల్సిన సీడీ8 కణాలు మొదట సంఖ్యలో బాగా పెరుగుతాయి, అందుకే సీడీ4, సీడీ8 నిష్పత్తి తలకిందులవుతుంది. కానీ నెలల తరబడి అదే శత్రువును చూసి చూసి వాటి ఒంటిమీద పీడీ-1 అనే ఆపుడు గుర్తు లేస్తుంది. కణం ఉంటుంది, పని చేయదు. సోకిన కణాలను చంపే ఇంకో రకమైన ఎన్‌కే కణాలకూ ఇలాంటి గతే. క్రిములను మింగే మాక్రోఫేజ్‌లలో హెచ్ఐవీ చొరబడి ఎక్కువ కాలం దాక్కుంటుంది, ఎందుకంటే అవి సీడీ4 టీ కణాల్లాగా త్వరగా చావవు.

బీ కణాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీ పాప కథ అందులోనే ఉంది కాబట్టి. పాపకు చెవిలో చీము ఆగడం లేదని, ఏడాదిలో రెండుసార్లు నిమ్ము చేసి చిత్తూరులో అడ్మిట్ చేశామని రాశారు కదా. యాంటీబాడీలు తయారుచేసేవి బీ కణాలు. మంచి యాంటీబాడీ తయారవ్వాలంటే లింఫ్ గ్రంథిలో వాటి పక్కన ఒక రకం సీడీ4 కణం కూర్చుని నేర్పించాలి. ఆ కణంలోనే హెచ్ఐవీ తిష్ట వేస్తుంది. దాంతో ఒక వింత జరుగుతుంది: రక్తంలో మొత్తం యాంటీబాడీలు మామూలు కంటే ఎక్కువే కనిపిస్తాయి, కానీ నిమ్ము, చెవిలో చీము తెచ్చే న్యూమోకాకస్ లాంటి క్రిమిని గట్టిగా పట్టుకునేవి మాత్రం చాలినన్ని ఉండవు. టీకా వేసినా నిలబడదు. పెద్దవాళ్లకు ఈ నష్టం అంతగా బయటపడదు. హెచ్ఐవీ రాకముందే వాళ్లు ముప్పై ఏళ్ల పాటు రకరకాల క్రిములను చూసి గుర్తుపెట్టుకుని ఉంటారు. పాపకు అలా ముందు దాచుకున్నదేమీ లేదు. నేర్చుకోవాల్సిన వయసులోనే నేర్పేవాళ్లు పోయారు. పిల్లల్లో హెచ్ఐవీ అంటే మొదట కనిపించేవి చెవిపోటు, నిమ్ము, ఆగని విరేచనాలు, నోటిపూత. పెద్దవాళ్లలో అయితే ఎక్కువసార్లు పాత క్రిములు తిరగబెట్టడం.

ఆ తిరగబెట్టడం మీ ఇంట్లోనూ జరిగింది. బావకు రెండేళ్ల కింద నడుం మీద అక్కి లేస్తే ఎర్రమన్నుతో రాయించామని మీరే పక్కమాటగా రాశారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఆ వైరస్ నరాల్లో పడుకుంటుంది, దాన్ని అక్కడే అదిమిపెట్టేవి టీ కణాలు. అవి బలహీనపడితే అక్కిగా లేస్తుంది. అరవై దాటినవాళ్లకు వస్తే వయసు అనుకోవచ్చు. ముప్పైల్లో ఉన్న మనిషికి వస్తే, అక్కి రాయించుకుంటే రాయించుకోండి, దాంతోపాటు హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు కూడా చేయించుకోండి అని నేనెప్పుడూ చెప్తుంటాను.

పెద్దవాళ్లలో హెచ్ఐవీ సోకాక మొదటి వారాల్లో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, ఆకాశానికి వెళ్లి, సీడీ8 కణాలు అందుకోగానే కొన్ని నెలల్లో దిగి ఒక మట్టానికి వచ్చి నిలబడుతుంది. అక్కణ్నుంచి సీడీ4 మెల్లగా, ఏడాదికి కొన్ని పదుల చొప్పున తగ్గుతూ పోతుంది. మందుల్లేకపోయినా చాలామంది ఎనిమిది, పదేళ్లు పనులు చేసుకుంటూ తిరుగుతారు. బావ కొండెక్కగలిగింది అందుకే. అది ఆరోగ్యం కాదు, ఇంకా ఖర్చవని నిల్వ.

పసిబిడ్డలో ఆ దిగడం జరగదు. వైరల్ లోడ్ లక్షల్లోకి, ఒక్కోసారి కోటి దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది, మందులు లేకపోతే రెండేళ్లు గడిచినా పెద్దవాళ్ల మట్టానికి రాదు. దీనికి కారణాలు ఒకటి కాదు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ తల్లి కణాల మీద తిరగబడకూడదు కాబట్టి, బిడ్డ రోగనిరోధక వ్యవస్థను ప్రకృతి కావాలనే సాధువుగా ఉంచుతుంది. అణచిపెట్టే టీ కణాలు ఎక్కువ, చంపే స్వభావం తక్కువ. పుట్టాక అది మెల్లగా మారాలి. ఆ మార్పు మొదలైన రోజుల్లోనే వైరస్ వచ్చి కూర్చుంటే బిడ్డ సీడీ8 కణాలు దాన్ని అదుపు చేయలేవు. పేగులో మాత్రం వైరస్‌కు నచ్చే సీసీఆర్5 కణాలు పుట్టినప్పటికే సిద్ధంగా ఉంటాయి. పైగా ఎముక మజ్జ, థైమస్ కలిసి రోజూ కొత్త టీ కణాలను పుట్టించే వయసది, కాబట్టి వైరస్‌కు కరువు రాదు.

ఇంకో కారణం నాకు ఎప్పుడూ అన్యాయంగా అనిపిస్తుంది. సీడీ8 కణం సోకిన కణాన్ని గుర్తుపట్టేది హెచ్ఎల్ఏ అనే గుర్తుల ద్వారా. ఆ గుర్తుల్లో సగం బిడ్డకు తల్లి నుంచే వస్తాయి. తల్లి ఒంట్లో పెరిగిన వైరస్ అప్పటికే తల్లి హెచ్ఎల్ఏకు దొరక్కుండా తన రూపం మార్చుకుని ఉంటుంది. అదే వైరస్ బిడ్డలోకి వస్తుంది. అంటే బిడ్డకున్న ఆయుధాల్లో సగం పనికిరాకుండా చేసుకునే వస్తుంది. భర్త నుంచి భార్యకు వచ్చినప్పుడు ఇంత ఇబ్బంది ఉండదు, ఇద్దరి హెచ్ఎల్ఏ వేరు కాబట్టి.

ఇవన్నీ కలిసి, మందులు లేకపోతే హెచ్ఐవీతో పుట్టిన పిల్లల్లో సుమారు సగం మంది రెండో పుట్టినరోజు చూడరు. రాయడానికి చెయ్యి ఆడని మాట, కానీ డాక్టర్ల కంగారు అర్థం కావాలంటే ఇది తెలియాలి. దక్షిణాఫ్రికాలో చేసిన చెర్ అనే అధ్యయనం ఫలితాలు 2008లో వచ్చాయి. పసిబిడ్డలకు సీడీ4 పడిపోయేదాకా ఆగకుండా వెంటనే మందులు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయని తేలింది. అంతకుముందు పిల్లలకు కూడా అంకె చూసి ఆగే పద్ధతి ఉండేది. ఇప్పుడు మన దేశంలో 2017 నుంచి పెద్దలకైనా పిల్లలకైనా అంకెతో పని లేదు, తేలగానే మందులే.

ఇంతలోనే ఒక వింత మినహాయింపు కూడా చెప్తాను. తల్లి నుంచి సోకిన పిల్లల్లో 5 నుంచి 10 శాతం మంది మందుల్లేకుండానే సీడీ4 మామూలుగా ఉంచుకుని పెద్దవుతారు. వైరల్ లోడ్ వేలల్లో ఉన్నా సరే. పెద్దవాళ్లలో మందుల్లేకుండా బాగుండే అరుదైన మనుషులు వైరస్‌ను గట్టిగా అణచిపెట్టేవాళ్లు. ఈ పిల్లలు దానికి రివర్స్. వైరస్‌ను పట్టించుకోరు, వాళ్ల రోగనిరోధక వ్యవస్థ అనవసరంగా మేల్కోదు. ఆఫ్రికాలో సూటీ మాంగబే అనే కోతులు ఇలాంటి వైరస్‌తోనే ఏ జబ్బూ లేకుండా బతుకుతాయి, అదే పద్ధతిలో. వైరస్ ఉండటం కంటే అది పుట్టించే ఆ ఆగని మెలకువే మనిషిని తినేస్తుందని నేను పైన అన్నది ఇందుకే. అయితే మా పాప కూడా అలాంటిదేమో, ఆగి చూద్దాం అని మాత్రం అనుకోవద్దు. 17 శాతం వచ్చాక ఆ ప్రశ్నే లేదు.

ఇక అక్క పరీక్ష సంగతి. మామూలుగా చేసేది యాంటీబాడీ పరీక్ష. మన దేశంలో మొదటిసారి హెచ్ఐవీని పట్టుకున్నది కూడా అలాంటి ఎలైజా పరీక్షతోనే, అదీ మనకు పక్కనే. 1986లో మద్రాసులో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్ దగ్గర పరిశోధన చేస్తున్న నిర్మల, తాను సేకరించిన రక్తం నమూనాలను వెల్లూరు సీఎంసీకి తీసుకెళ్లి అక్కడ పరీక్ష చేశారు. ఆ పరీక్ష మంచిదే, కానీ అది చెప్పేది తీసిన రోజు వరకే. అక్కకు మూడో నెలలో లేదని వచ్చి, ఆ తర్వాత కడుపుతో ఉండగానో, పాపకు పాలిచ్చే రోజుల్లోనో సోకి ఉండొచ్చు. కొత్తగా సోకినప్పుడు వైరల్ లోడ్ విపరీతంగా ఉంటుంది కాబట్టి ఆ టైంలో పాల ద్వారా బిడ్డకు వెళ్లే అవకాశం చాలా ఎక్కువ. పాప ఇన్నాళ్లు నెట్టుకురావడం, అక్క సీడీ4 540 ఉండటం చూస్తే నాకు ఇదే సరిపోయినట్టు అనిపిస్తోంది. ఆ పరీక్ష రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, అక్క తప్పూ లేదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు మీరే చెప్పండి, మేనమామ చెప్తే వింటారు.

తల్లికి ఉందని ముందే తెలిసిన బిడ్డలకైతే యాంటీబాడీ పరీక్ష 18 నెలల దాకా ఏమీ తేల్చదు, తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. అందుకని ఆరో వారంలో మడమ నుంచి రక్తపు చుక్కలు కాగితం మీద తీసుకుని నేరుగా వైరస్ జన్యువును వెతుకుతారు. ఆరో నెల, పన్నెండో నెలలో మళ్లీ చేస్తారు. మీ చుట్టుపక్కల ఎవరికైనా పనికొస్తుందని రాశాను. తల్లి మొదటి నుంచీ మందులు వాడితే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం లోపే, బాగా వాడితే ఇంకా తక్కువ. ఏమీ చేయకపోతే 15 నుంచి 45 శాతం.

పాప విషయంలో నేను భయపెట్టినట్టే ఉంది ఇప్పటిదాకా. ఇప్పుడు రెండో వైపు. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది, టీ కణాలకు అది బడి. చిన్న వయసులో బాగా పెద్దగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ముడుచుకుపోయి కొవ్వుగా మారుతుంది. మందులతో వైరస్ ఆగగానే పాప థైమస్ కొత్త కణాలను, అంటే ఇంకా ఏ క్రిమినీ చూడని తాజా కణాలను, ధారాళంగా పంపిస్తుంది. బావలో అలా జరగదు. పెద్దవాళ్లలో మొదట పెరిగే సీడీ4లో చాలా భాగం గ్రంథుల్లో ఇరుక్కున్న పాత కణాలు రక్తంలోకి తిరిగి రావడం, ఉన్నవే రెట్టింపు కావడం. కొత్తవి రావడానికి ఏళ్లు పడుతుంది. కొందరికి వైరస్ పూర్తిగా అణిగినా సీడీ4 మూడు నాలుగు వందల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి రెండేళ్ల తర్వాత ముగ్గురి రిపోర్టులు పక్కపక్కన పెడితే అందరికంటే బాగా కోలుకున్నది పాపే అయితే నేను ఆశ్చర్యపోను. మందులు తప్పకుండా వేస్తే.

ఆ మందుల గురించి. పాపకు ఇచ్చేవాటిలో డోలుటెగ్రావిర్ నీళ్లలో కరిగే చిన్న మాత్రగా ఉంటుంది. ఇది వేసేటప్పుడు ఐరన్ టానిక్, కాల్షియం సిరప్ కలిపి పోయకండి, పేగులో మందును అవి పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. మాత్ర వేసిన రెండు గంటల తర్వాత టానిక్ ఇవ్వండి. బలానికని మెడికల్ షాపులో అడిగి తెచ్చే చాలా సీసాల్లో ఈ రెండింట్లో ఒకటి ఉంటుంది. ఇంకో సంగతి, పిల్లల డోసు బరువును బట్టి మారుతుంది. మందులు పని చేస్తే పాప బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే పాత డోసు చాలదు. వెళ్లిన ప్రతిసారీ తూకం వేయించి, డోసు చూడమని మీరే అడగండి. కౌంటర్ దగ్గర రద్దీలో పాత చీటీ మీదే మందులిచ్చి పంపడం జరుగుతుంటుంది.

కోట్రైమాక్సజోల్ సిరప్ కూడా ఇచ్చి ఉంటారు. అది హెచ్ఐవీకి కాదు, న్యూమోసిస్టిస్ అనే ఒక రకం నిమ్ము రాకుండా. దగ్గు తగ్గింది కదా అని ఆపేయకండి. ఐదేళ్ల లోపు సోకిన పిల్లలందరికీ సీడీ4తో పని లేకుండా ఇస్తారు. 350 లోపు ఉన్న పెద్దవాళ్లకూ ఇస్తారు కాబట్టి బావ చీటీలో అది ఉందో లేదో చూడండి.

మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో పాపకు జ్వరం రావొచ్చు, మెడ దగ్గర లేదా చంకలో గడ్డ కనిపించొచ్చు. బీసీజీ టీకా వేసిన చేతి వైపు చంకలో ముఖ్యంగా. మందు పడలేదని ఆపేసేది ఇక్కడే. నిజానికి ఇన్నాళ్లూ మొద్దుబారి ఉన్న కణాలు లేచి, లోపల దాగున్న క్రిములను అప్పుడు గుర్తుపట్టి తిరగబడుతుంటాయి. వెంటనే డాక్టర్‌కు చూపించాలి, ఆయన చెప్పకుండా మందు మాత్రం ఆపకూడదు.

మాటలు ఆలస్యమయ్యాయని కూడా రాశారు. హెచ్ఐవీ సోకిన మాక్రోఫేజ్‌లు మెదడులోకి వెళ్లి అక్కడి మైక్రోగ్లియా కణాలకు కూడా అంటిస్తాయి. పెరిగే మెదడు కాబట్టి పిల్లల్లో నడక, మాట, తల చుట్టుకొలత మీద దాని ప్రభావం పెద్దవాళ్ల కంటే చాలా ముందే కనిపిస్తుంది. అయితే పాపకు చెవిలో చీము ఉంది, వినపడకపోయినా మాట రాదు. కాబట్టి చెవి డాక్టర్‌కు ఒకసారి, పిల్లల డాక్టర్ దగ్గర ఎదుగుదల పరీక్షకు ఒకసారి, రెండూ చేయించండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చిన రోజునే ఈ రెండు ఓపీలు చూపించుకుంటే పలమనేరు నుంచి ఇంకోసారి బస్సెక్కే పని ఉండదు.

టీకాల సంగతి తేలిగ్గా చెప్పేస్తాను. ఇప్పటిదాకా వేసినవి సరిగ్గా పట్టి ఉండకపోవచ్చు. సీడీ4 శాతం కోలుకున్నాక తట్టు టీకా ఇంకో డోసు వేయించాల్సి ఉంటుంది. అది బతికున్న వైరస్ టీకా కాబట్టి ఎప్పుడన్నది డాక్టరే చెప్పాలి, ఏఎన్ఎం వచ్చిందని ముందే వేయించేయకండి.

కొండకు ఇప్పుడే వద్దు. దేవుడి దగ్గరికి వెళ్లడంలో తప్పేమీ లేదు, వెంట్రుకలు తీస్తే హెచ్ఐవీ పెరగదు కూడా. ఇబ్బందల్లా దర్శనం కంపార్టుమెంట్లలో గంటల తరబడి వందల మంది మధ్య కూర్చోవడమే. తట్టు, టీబీ రెండూ గాలిలో వచ్చేవి, పాప ఒళ్లు ఇప్పుడు రెండింటికీ తట్టుకోదు. ఆరో నెల వైరల్ లోడ్ అణిగి, శాతం ఇరవై ఐదు దాటాక వెళ్లండి, కల్యాణకట్టలో కొత్త బ్లేడు వేశారో లేదో ఎవరి బిడ్డ విషయంలోనైనా చూసుకోవలసిందే కాబట్టి అదీ చూసుకోండి. మొక్కుకు గడువు లేదు కదా.

మందులు కడదాకానా అంటే, ఇప్పటికైతే అవును. మందు పని చేసేది వైరస్ కదిలే కణాల్లోనే. కొన్ని సీడీ4 జ్ఞాపక కణాలు వైరస్ జన్యువును లోపల పెట్టుకుని నిద్రపోతాయి. అవి మందుకు కనపడవు, సీడీ8కూ కనపడవు. ఆ నిల్వ సగానికి తగ్గడానికే మూడున్నరేళ్ల పైన పడుతుంది. అమెరికాలో మిసిసిపీలో 2010లో పుట్టిన ఒక బిడ్డకు ముప్పై గంటల వయసులోనే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నరకు ఆపేశారు. ఆ తర్వాత 27 నెలల పాటు వైరస్ ఎక్కడా కనిపించలేదు, ప్రపంచమంతా నయమైందనుకున్నారు. 2014లో మళ్లీ వచ్చింది. అంత త్వరగా మొదలుపెట్టిన బిడ్డలోనే నిద్రపోయిన కణం ఎక్కడో మిగిలింది.

బావను మాత్రం వదిలేయకండి. 310 అంటే ప్రమాదం లేదని కాదు, పాప కంటే కొంచెం టైం ఉందని. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మామూలు మనుషుల కంటే పదిహేను, ఇరవై రెట్లు ఎక్కువ. ఆయనకు టీబీ ఉంటే మొదట అంటేది ఒళ్లో కూర్చునే పాపకే. దగ్గు లేకపోయినా ముగ్గురికీ టీబీ పరీక్ష చేయించండి. లేదని తేలితే ఐసోనియాజిడ్‌తో నివారణ కోర్సు ఇస్తారు. ఉందని తేలితే, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి దాన్ని రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. టీబీ మందులు పలమనేరులో, హెచ్ఐవీ మందులు తిరుపతిలో తీసుకునేవాళ్లకు ఈ మాట రెండు చోట్లా ఎవరూ చెప్పకుండా పోయే అవకాశం ఉంది, కాబట్టి ఒక చీటీ రెండో చోట తప్పకుండా చూపించండి.

అంగన్‌వాడీలో చెప్పాలా అని అక్క భయపడుతోందన్నారు. అక్కర్లేదు. 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం ప్రకారం ఒప్పుకోకుండా ఎవరి హెచ్ఐవీ సంగతీ బయటపెట్టకూడదు, దాని పేరుతో బిడ్డను చేర్చుకోం అని అనడానికీ వీల్లేదు. ఆడుకోవడం, కలిసి తినడం, ముద్దుపెట్టుకోవడం వల్ల పాప నుంచి ఎవరికీ రాదు. అక్కకు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోన్ చేయమనండి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.